తల దించు!



మొన్న ఆదివారం హన్మకొండలో సినిమా మిత్రుల కూడికకు పోయిన. పది పన్నెండు మంది ఉన్నరు. అందరూ చదువుకున్నోళ్లే, సగం మంది ఎర్రజెండా కింద పెరిగినోళ్లు. మాట సెర్జియో లియోనీ 1971లో తీసిన ఒక ఇటాలియన్ వెస్టర్న్ మీదికి మళ్లింది. ఇంగ్లీషులో దాని పేరు ‘డక్, యూ సకర్’. దానికి ఎన్ని వెర్షన్లు ఉన్నయి, ఏ డీవీడీలో ఎన్ని నిమిషాలు ఉన్నయి, ఏ దేశంలో ఏ సీను ఎగిరిపోయింది అని రెండు గంటలు మాట్లాడిన్రు. ఒక అన్న అయితే అమెరికావాళ్లు కోసేసిన 36 నిమిషాల గురించి చెప్పుకుంట నిజంగానే బాధపడ్డడు. ఆయన బాధ నాకు నచ్చింది. నాకూ ఆ సినిమా అంటే ప్రాణం.

అప్పుడు ఒక్క మాట అడిగిన. "అన్నా, ఈ సినిమా చూస్తుంటే నీకు కడవెండి యాదికి రాలేదా?"

అందరూ ఒక్క నిమిషం గమ్మునున్నరు. అన్న నవ్వి, "సినిమాను సినిమాగా చూడు తమ్మీ. ప్రతిదాంట్లకు కులాన్ని తేవద్దు" అన్నడు.

నేను కులం పేరే ఎత్తలేదు. ఒక ఊరి పేరు చెప్పిన, అంతే. ఈ వారం వ్యాసం ఆ అన్నకు జవాబు.

సినిమా చూడనోళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెప్త. 1913, మెక్సికో విప్లవ కాలం. హువాన్ మిరాండా చదువు రాని పేదోడు, దారిదోపిడీ దొంగ. ముసలి తండ్రి, ఆరుగురు కొడుకులు, వాళ్లే అతని ముఠా. రాడ్ స్టైగర్ ఆ వేషం వేసిండు. జాన్ మాలరీ ఐర్లండ్ నుంచి పారిపోయి వచ్చిన విప్లవకారుడు, డైనమైట్ పేల్చుట్ల ఆరితేరినోడు. అది జేమ్స్ కోబర్న్. మెసా వెర్డే ఊర్లో ఉన్న బ్యాంకును కొల్లగొట్టాలన్నది హువాన్ కల. తీరా తలుపులు పగలగొడితే లోపల బంగారం ఉండదు, రాజకీయ ఖైదీలు ఉంటరు. వాళ్లను విడిపించిన పాపానికి హువాన్ విప్లవ వీరుడైపోతడు. వీరుడైనందుకు తండ్రీ, ఆరుగురు కొడుకులూ సైన్యం చేతిలో చస్తరు. కొడుకుల శవాలు చూసి వచ్చినంక అతడు ఆరుగురు అని లెక్క చెప్తడు, ఇంతకుముందు ఎన్నడూ లెక్కపెట్టుకోలేదంటడు.

ఇటలీలో ఈ సినిమా పేరు ‘జూ లా టెస్టా’. అంటే ‘తల దించు’. పేలుడుకు ముందు చేసే హెచ్చరిక అది. అమెరికాలో తర్వాత ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డైనమైట్’ అని మార్చిన్రు, లియోనీ పాత డాలర్ల సినిమాల గిరాకీ దీనికి కూడా తగలాలని. ఫ్రాన్సులో ‘అనగనగా ఒక విప్లవం’ అనే అర్థం వచ్చేటట్టు పెట్టిన్రు. మా వాడలో పుట్టినోడికి మాత్రం ఇటలీ పేరే సూటిగా తగుల్తది. గడి ముందర నుంచి పోయేటప్పుడు చెప్పులు చేతిలో పట్టుకుని, తల దించుకుని పోయిన తాతల మనుమలం మేము. పేలుడు నుంచి ప్రాణం కాపాడుకోమని మాకు ఆ మాట ఎవ్వడూ చెప్పలేదు. హుకుం కిందనే చెప్పిన్రు.

సినిమా మొదట్లోనే ఒక బగ్గీ వస్తది. అందులో కలిగినోళ్లు కూర్చుని తింటుంటరు. భూస్వామి, మతగురువు, ఒక అమెరికన్, ఒక దొరసాని. హువాన్‌ను ఎక్కించుకుని ఒక మూలకు కూర్చోబెడతరు. అతని ముందరనే అతని అసుంటోళ్ల గురించి పశువుల గురించి మాట్లాడినట్టు మాట్లాడుకుంటరు. లియోనీ కెమెరా వాళ్ల నోళ్ల దగ్గరికి పోతది. తెర నిండా నములుతున్న నోళ్లే. అది చూసినప్పుడు నాకు మా నాయిన యాదికొచ్చిండు. భూపాలపల్లి దిక్కు మా ఊరి హోటల్లో మాకు వేరే గ్లాసు ఉండేది. చూరులో ఉన్న గ్లాసు తీసుకోవాలె, చాయ్ తాగాలె, కడిగి మళ్ల అక్కడనే పెట్టాలె. నాయిన బయట నిలబడి తాగుతుంటే, లోపల బల్లల మీద కూర్చున్నోళ్లు మా వాడ ఆడోళ్ల గురించి నవ్వుకుంట మాట్లాడేటోళ్లు. నాయినకు చెవులే లేవన్నట్టు. ఆ నోళ్ల క్లోజప్ మా నాయిన ఇరవై ఏండ్లు చూసిండు.

ఇగ కోతల సంగతికి వస్త. సినిమా పూర్తి నిడివి 157 నిమిషాలు. 1972లో అమెరికాలో యునైటెడ్ ఆర్టిస్ట్స్ విడుదల చేసింది 121 నిమిషాలే. పీకేసినవాటిలో ముఖ్యమైంది, సినిమా మొదలయ్యేటప్పుడు తెర మీద పడే మావో మాటలు. విప్లవం పెద్దమనుషుల విందు వ్యవహారం కాదు, ఒక వర్గం ఇంకో వర్గాన్ని బలంతో కూలదోసే పని అని వాటి అర్థం. మెక్సికోలో అయితే కోసుడు కూడా దండగ అనుకున్నరు. తమ విప్లవాన్ని, తమ ప్రజలను అవమానించిందని 1979 దాకా సినిమానే ఆడనియ్యలేదు.

కాకతీయ యూనివర్సిటీలో ఎం.ఏ. చదివే రోజుల్లో నేను వరంగల్‌లో దొరికిన దొంగ సీడీలో చూసింది ఆ పొట్టి వెర్షనే. హువాన్ నాకు ఒక జోకర్ లెక్క అనిపించిండు. నవ్వుకుని వదిలేసిన. 2007లో అమెరికాలో 157 నిమిషాల డీవీడీ వచ్చింది. పీహెచ్‌డీ చేసేటప్పుడు ఒక దోస్తు దగ్గర అది దొరికితే మళ్ల చూసిన. ముందు విందు కాదు అన్న అక్షరాలు పడ్డయి. కాసేపటికే బగ్గీలో విందు నడుస్తున్నది, పేదోడు మూలకు కూర్చున్నడు. ఆ అక్షరాలు తీసేస్తే బగ్గీ సీను ఒక మోటు హాస్యం. అక్షరాలు ఉంటే అది ఒక ఛార్జిషీటు. కత్తెర పట్టినోడు కథలో ఏమీ మార్చలేదు. దాన్ని ఏ మూల నుంచి చూడాలన్నది మార్చిండు. సీడీల కాలంలో మన తరం చాలామంది చూసింది ఆ పొట్టిదే కాబట్టి, చూసినోళ్లు కూడా పూర్తిది మళ్ల చూడండి.

ఇప్పుడు మన సినిమా దగ్గరికి రండి. అదే 1971, ఆగస్టు 27న ‘మోసగాళ్లకు మోసగాడు’ విడుదలైంది. కృష్ణ హీరో, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకుడు, పద్మాలయా వాళ్ల సినిమా. రాజస్థాన్ ఎడారిలో తీసిన్రు. తెలుగులో మొదటి కౌబాయ్ సినిమా. లియోనీ పాత సినిమాల నుంచి టోపీ వచ్చింది, గుర్రం వచ్చింది, తుపాకీ వచ్చింది, నిధి వేట వచ్చింది. 2023 మే 31న 4కేలో మళ్ల విడుదలైతే థియేటర్లలో పండుగ చేసుకున్నరు. చేసుకోనీ. నేను కూడా చిన్నప్పుడు టీవీ ముందర నోరు తెరుచుకుని చూసినోడినే.

కానీ ఒక లెక్క అడుగుత. ఇటలీ నుంచి అన్ని సామాన్లు మోసుకొచ్చినోళ్లు అక్కడి పేదోడిని ఎందుకు తేలేదు? అప్పటికే ఉన్నడు గదా. 1966లోనే డామియానో డామియానీ ‘కియెన్ సాబే?’ తీసిండు. పేదల నుంచి పుట్టిన ఒక ముఠా నాయకుడు, అతన్ని వాడుకునే అమెరికా కిరాయి హంతకుడు, అదీ కథ. మన సినిమాకు రచన ఆరుద్రది. తెలుగు చదువుకున్నోడిని కాబట్టి నాకు ఇది ఇంకా గుచ్చుకుంటది. రజాకార్ల కాలపు తెలంగాణ గాయం నుంచి ‘త్వమేవాహం’ రాసిన కవి ఆయన. ఈ నేల బాధ తెలియనోడు కాదు. తప్పు ఆయనదని అనను. వ్యాపారం ఆయనను నిధి వేట అడిగింది, ఆయన రాసిచ్చిండు. మూలకు కూర్చున్నోడి కథ ఎవరూ అడగలేదు. అమెరికావాళ్లు 36 నిమిషాలు కోసిన్రు. మనోళ్లకు కత్తెర పని కూడా పడలేదు.

‘మా భూమి’ వచ్చింది గదా అంటరు. వచ్చింది. 1979లో గౌతమ్ ఘోష్ తీసిండు, బి. నర్సింగరావు నిలబడి తీయించిండు. ఇద్దరికీ దండం. ఆ ఒక్క పేరు చెప్పి ఇంకెన్నేండ్లు మా నోరు మూయిస్తరు?

హన్మకొండలో నేను కడవెండి ఎందుకు అన్ననో ఇప్పుడు చెప్త. సినిమాలో ఒక చోట విప్లవం మాట వస్తే హువాన్ మండిపడతడు. అతను చెప్పేది నా మాటల్లో ఇది: పుస్తకాలు చదివినోళ్లు చదవనోళ్ల దగ్గరికి వచ్చి మార్పు రావాలంటరు. చదవనోళ్లు పోయి మార్పు తెస్తరు. ఇగ చదివినోళ్లు బల్లల చుట్టూ కూర్చుని తినుకుంట మాట్లాడుకుంటరు. మార్పు తెచ్చినోళ్లు అప్పటికే చచ్చి ఉంటరు. అది విన్న జాన్ తన చేతిలో ఉన్న బకూనిన్ పుస్తకాన్ని బురదలోకి విసిరేస్తడు.

1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ గూండాల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య చనిపోయిండు. కురుమ ఇంటి బిడ్డ. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను దొర పాలు కానియ్యలేదు. ఈ రెండు ఊర్లూ ఇయ్యాల జనగామ జిల్లాలోనే ఉన్నయి, నేను పాఠం చెప్పే కాలేజీ నుంచి బస్సు దూరం. 1951 అక్టోబరులో పోరాటం ఆపిన్రు. ఆపినంక పుస్తకాలు వచ్చినయి. రావి నారాయణరెడ్డి రాసిండు, పుచ్చలపల్లి సుందరయ్య రాసిండు. వాళ్ల నిజాయితీ మీద నాకు అనుమానం లేదు, నా థీసిస్‌లో ఆ పుస్తకాలు వాడుకున్న. కానీ వెట్టికి చెప్పులు కుట్టిచ్చినోడు, డప్పు కొట్టి ఊరికి కబురు చెప్పినోడు, దళాలకు బువ్వ మూట మోసిన మాల, మాదిగ అవ్వలు, వాళ్లు తమ చేతితో రాసిన పుస్తకం ఏది? కొమురయ్య విగ్రహం, ఐలమ్మ పేరు కూడా బహుజనులు కొట్లాడి నిలబెట్టుకున్నయే. వాళ్ల వెనక నడిచినోళ్లు ఏ వెర్షన్‌లో ఉన్నరు?

మా ఇంటి సంగతి చెప్త. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు మా చిన్నాయినను పోలీసులు కాల్చిన్రు. ఎదురుకాల్పులు అన్నరు. ఆయన దగ్గర తుపాకీ ఎన్నడూ లేదు. అడవిలో ఉన్నోళ్లకు బియ్యం, చీటీలు మోసేటోడు. పేపర్లో ‘గుర్తు తెలియని నక్సలైటు’ అని వచ్చింది. ఊరందరికీ గుర్తు తెలుసు. చాలా ఏండ్ల తర్వాత, అప్పటి నాయకుడు ఒకాయన రాసుకున్న జ్ఞాపకాల పుస్తకం నా చేతికి వచ్చింది. అందులో చిన్నాయిన ఉన్నడు, ఒక్క వాక్యంలో. ‘స్థానిక కొరియర్ ఒకరు’ అని. సర్కారు పేపరుకు తెలియని పేరు విప్లవ పుస్తకానికి కూడా అవసరం పడలేదు. రెండు కత్తెరలు, ఒక్కటే కోత.

ఈ సినిమాలో నైతిక సంక్లిష్టత ఉందని ఆ రోజు అందరూ మెచ్చుకున్నరు. ఉంది. డాక్టర్ విల్లేగా విప్లవ నాయకుడు. చిత్రహింసలు భరించలేక తనోళ్ల పేర్లు చెప్తడు. జాన్‌కు అది తెలుసు. ఒకప్పుడు ఐర్లండ్‌లో ద్రోహం చేసిన సొంత దోస్తును కాల్చినోడు, ఇప్పుడు ఇంకొకరికి తీర్పు చెప్పడానికి ఒప్పుకోడు. డాక్టర్ తనంతట తను రైలింజనులో ఉండిపోయి చస్తడు. గొప్ప ఘట్టం. కానీ నేను దాన్ని భూపాలపల్లి నుంచి చూస్త. డాక్టరుకు పశ్చాత్తాపపడే టైము దొరికింది, గౌరవంగా చచ్చే అవకాశం దొరికింది. మా దిక్కు ఇన్ఫార్మర్ అని ముద్ర వేసి చంపిన కూలోళ్లకు, కోయోళ్లకు ఏం దొరికింది? తెల్లారేసరికి బాట మీద శవం, పక్కన ఒక చీటీ. సంక్లిష్టత అన్నది కూడా చదువుకున్న పాత్రలకే దక్కుతదా అని అడుగుతున్న.

అట్లని హువాన్‌ను నెత్తిన పెట్టుకోను. బగ్గీ దోచినంక అతడు ఆ దొరసానిని చెరుస్తడు. లియోనీ దాన్ని మొరటు సరదా లెక్క తీసిండు. దొరల మీద కోపాన్ని ఆడదాని ఒంటి మీద తీర్చుకునుడు ప్రతీకారం కాదు, దొరతనమే. నొక్కబడినోడు కూడా నొక్కుతడు అన్న సంగతి మా వాడ ఆడోళ్లకు ఏ ఇటాలియన్ సినిమా చెప్పనక్కర లేదు. మన మనిషి అని అతని తప్పును నేను దాస్తే, నా చేతిలో కూడా కత్తెర ఉన్నట్టే.

పోయిన నెల మహబూబాబాద్‌లో, మేము మానుకోట అంటం, ఒక హాస్టల్ పిల్లలకు ఈ సినిమా చూపెట్టిన. అయిపోయినంక పుస్తకాలోళ్లు, బల్లలు అని గంటసేపు దంచిన. వెనక వరుసలో ఒక పిల్ల లేచింది. "సార్, మీరు డాక్టరేట్ గదా. మీరు ఏ దిక్కు కూర్చున్నరు?" అన్నది. నవ్విన్రు అందరూ. నేను నవ్వలేకపోయిన. నెల జీతం, కాలేజీలో కుర్చీ, మీరు చదివే ఈ వ్యాసాలు, ఇవన్నీ బల్ల దిక్కే. చిన్నాయిన మీద పదిహేనేండ్లుగా ప్రసంగాల్లో మాట్లాడుతున్న. చిన్నమ్మను కూర్చోబెట్టి ఆమె మాట ఒక్కసారి కూడా రాసుకోలేదు.

అందుకే ఇది ఒక్క హన్మకొండ అన్నకు జవాబు కాదు, నాకు కూడా. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్లు ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చిన్రు. తెలంగాణ పోరాటంలో ఉన్న ఆడోళ్ల మాటలు వాళ్ల నోటితోనే. దారి వాళ్లు చూపెట్టిన్రు. జనగామ, మానుకోట, భూపాలపల్లి, ఈ మూడు జిల్లాల్లో డిగ్రీ చదివే మన పిల్లలు ప్రతి ఒక్కరూ తమ వాడలో ఒక్క ముసలవ్వ దగ్గరో తాత దగ్గరో కూర్చోవాలె. ఎవరు పోయిన్రు, ఎట్ల పోయిన్రు, పేరేంది, ఇంటిపేరేంది. హువాన్ లెక్క అంతా పోయినంక లెక్కపెట్టుకునుడు మనకొద్దు. నా క్లాసులో ఈ సెమిస్టర్ ప్రాజెక్టు ఇదే.

సినిమా చివర్ల జాన్ పేలిపోయినంక హువాన్ ఒక్కడే మిగులుతడు. కెమెరా అతని మొఖం మీద ఆగుతది. మరి నా సంగతేంది అని అడుగుతడు. జవాబు చెప్పేటోడు ఎవ్వడూ ఉండడు, టైటిల్ పడుతది.

చిన్నాయిన పేరు ఈ వ్యాసంలో ఎందుకు లేదని మీరు అడగొచ్చు. మొన్న ఊరికి పోయి చిన్నమ్మను అడిగిన. "ఇప్పుడే వద్దు బిడ్డా, పిల్లగానికి కొలువు రానీ" అన్నది. ఇన్నేండ్ల తర్వాత కూడా ఆమె తల దించుకునే మాట్లాడింది. ఆమె తల ఎత్తి సరే అన్న నాడు ఆ పేరు ఇక్కడనే రాస్త, మొదటి లైన్లో.

జై భీమ్.