దొంగెవరో తెలిశాక మళ్లీ చూస్తే...

డిటెక్టివ్ కథకి ప్రాణమంతా ఒక్కదాంట్లోనే ఉంటుంది. చివరిదాకా దొంగెవరో తెలియకపోవడం! అది కాస్తా తెలిసిపోయిందా, ఇక ఆ కథ నిన్నటి పేపరుతో సమానం. పొట్లాలు కట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. మొన్నమొన్నటిదాకా నేనూ అలాగే అనుకునేదాన్ని. ఈ సంక్రాంతికి గజపతినగరంలో మా మావయ్య ఇంట్లో, ముచ్చటగా మూడోసారి చూసిన ఓ పాత సీరియల్ ఎపిసోడు నా అభిప్రాయాన్ని తలకిందులు చేసేసింది.

ఆ సీరియల్ 'బ్యోమ్‌కేష్ బక్షీ'. దూరదర్శన్‌లో 1993లో మొదలైంది. ముప్ఫై అయిదు దాటినవాళ్లకి పేరు వినగానే కళ్లముందు కదిలే ఉంటుంది... తెల్లటి ధోవతి, లాల్చీ, నిదానమైన చూపు, పక్కనే స్నేహితుడు అజిత్. తుపాకీ లేదు, పొడుగు కోటు లేదు. అంతకుముందు 1985లో వచ్చిన 'కరంచంద్' క్యారెట్ కొరుకుతూ హడావుడి చేసేవాడు. ఈయనకి ఆ హడావుడి కూడా లేదు. మన పక్కింటి లెక్కల మాస్టారిలా ఉండేవాడు.

అప్పుడు నేను రెండో తరగతి. మావయ్యది గజపతినగరంలో రోడ్డు పక్క సందులో పెంకుటిల్లు. ముందు వసారా, పక్కన అద్దెకిచ్చే ఒంటరి గది. ఆ వీధిలో టీవీ ఉన్న రెండిళ్లలో అదొకటి. బ్లాక్ అండ్ వైట్. బొమ్మ సరిగ్గా రాకపోతే బావ పెంకులమీదకెక్కి యాంటెనా తిప్పేవాడు. 'వచ్చిందా?' అని పైనుంచి అతను, 'ఇంకొంచెం... ఇంకొంచెం... ఆఁ, పోయింది!' అని కిందనుంచి మేము. ఈ తంతు లేకుండా ఏ సీరియలూ మొదలయ్యేది కాదు.

సీరియలేమో హిందీ. వీధిలో చాలామందికి ఆ భాష రాదు. అయినా వసారా నిండిపోయేది. కారణం మా మావయ్య. ఆయన హిందీ మాస్టారు. బళ్లో పాఠాలు చెప్పడమే కాకుండా సాయంత్రాలు హిందీ ప్రచార సభ పరీక్షలకి పిల్లల్ని తయారుచేసేవారు. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష... అలా ఆయన చేతిమీదుగా పాసైన పిల్లలు ఎందరో! టీవీ పక్కన కుర్చీ వేసుకుని, ఒక్కో మాటా తెలుగులో చెబుతుంటే జనం నోళ్లు తెరుచుకుని వినేవారు. సగంమంది బొమ్మ కంటే మావయ్య మొహాన్నే ఎక్కువ చూసేవారేమో కూడా!

నిజానికి తెలుగువాళ్లకి అపరాధ పరిశోధన కొత్తేమీ కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే బెంగాలీ రచయిత పాంచకడీ దే నవలలు తెలుగులోకి వచ్చేశాయి. ఆ తర్వాత కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు అద్దె లైబ్రరీలని ఏలారు. విజయనగరంలో చదువుకున్న ఆరుద్ర కూడా 'పలకల వెండిగ్లాసు' లాంటి డిటెక్టివ్ నవలలు రాశారు. కాబట్టి మావయ్య వసారాలో కూర్చున్న పెద్దవాళ్లంతా ఆరితేరిన పాఠకులే. దొంగని ముందే పట్టేస్తామని పందేలు కాసేవారు.

బ్యోమ్‌కేష్‌ని సృష్టించింది శరదిందు బందోపాధ్యాయ. 1899లో పుట్టి 1970లో కన్నుమూసిన ఈ బెంగాలీ రచయిత కొన్నేళ్లు బొంబాయిలో సినిమాలకి పనిచేసి, ఆ తర్వాత పుణెలో స్థిరపడ్డారు. 1932లో బ్యోమ్‌కేష్ కథలు మొదలుపెట్టి మొత్తం 32 పూర్తిచేశారు. ముప్ఫై మూడోది రాస్తుండగానే వెళ్లిపోయారు. బ్యోమ్‌కేష్‌కి డిటెక్టివ్ అని పిలిపించుకోవడం ఇష్టం ఉండదు. తనకి తానే ఓ పేరు పెట్టుకున్నాడు- 'సత్యాన్వేషి'. తెలుగు చేయాల్సిన అవసరమే లేని మాట. మావయ్యకి ఆ రోజు శ్రమ తగ్గించిన మాట కూడా అదొక్కటే.

సీరియల్లో మొదటి ఎపిసోడు పేరూ అదే. కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో... కలకత్తాలో చీనాబజారు దగ్గర ఓ మెస్సు. కింద అనుకూల్ బాబు అనే హోమియో డాక్టరు ఉంటాడు. మెస్సు నడిపేదీ ఆయనే. పైన గదుల్లో బ్రహ్మచారులు, చిన్న ఉద్యోగులు. చుట్టుపక్కల వరసగా హత్యలు. కొకైన్ వ్యాపారం గుట్టుగా సాగుతోందని అనుమానం. అలాంటి సమయంలో అతుల్ అనే కొత్త కుర్రాడు గది కావాలంటూ వస్తాడు. ఖాళీ లేదంటే జాలిపడి అజిత్ తన గదిలో చోటిస్తాడు. కొద్దిరోజులకే మెస్సులో ఉండే అశ్వినీ బాబు తన గదిలో శవమై కనిపిస్తాడు. ఇంకేముంది... అందరి చూపులూ కొత్తగా వచ్చినవాడి మీదకే!

ఆ అతులే బ్యోమ్‌కేష్. హంతకుడు? అందరికీ ఆప్యాయంగా మందులిచ్చే డాక్టరుగారు! హోమియో మందుల చాటున కొకైన్ అమ్ముతున్నదీ ఆయనే. ఇన్నేళ్ల తర్వాత గుట్టు విప్పేసినందుకు ఎవరూ కోప్పడరనే నమ్మకంతో చెప్పేస్తున్నా.

ఆ రోజు వసారాలో పందెం కాసినవాళ్లంతా అతుల్ మీదే కాశారు. ఒక్కడు తప్ప. గుమ్మం దగ్గర, చెప్పులు విడిచేచోట కూర్చునేవాడు అతను. మావయ్యగారి ఒంటరి గదిలో అద్దెకుండేవాడు. రాయగడ వైపునుంచి రైల్లో వచ్చి ఇక్కడ ఓ రైసుమిల్లులో లెక్కలు రాసేవాడు. తెలుగు మాట్లాడితే మధ్యలో ఒడియా దొర్లేది. లోపలికొచ్చి చాపమీద కూర్చోమన్నా కూర్చునేవాడు కాదు. ఎపిసోడు సగంలో ఉండగా మెల్లగా అన్నాడు- 'డాక్టరే సార్.'

అందరూ నవ్వారు. పావుగంట తర్వాత నోళ్లు మూశారు. 'ఎలా చెప్పగలిగేవయ్యా?' అని మావయ్య అడిగితే, 'అందరిమీదా అనుమానం పుట్టిస్తున్నది ఆయనే కదండీ' అన్నాడు. నాకు అతని మొహం సరిగ్గా గుర్తులేదు. ఆ మాట మాత్రం గుర్తుంది.

ఇది మొదటిసారి చూడటం. రెండోసారి 2020లో. ఉగాదికని గజపతినగరం వెళ్లాను. సరిగ్గా పండగరోజు, మార్చి 25న, దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. అక్కడే ఉండిపోయాను. మూడు రోజులకి దూరదర్శన్ పాత సీరియళ్లు తిరిగి వేయడం మొదలెట్టింది. పొద్దున 'రామాయణ్', పదకొండింటికి 'బ్యోమ్‌కేష్ బక్షీ'. ఈసారి టీవీ రంగుల్ది. వసారాలో మాత్రం జనం లేరు. మావయ్య, అత్త, నేను... అంతే. ఆ తర్వాత రెండు నెలలకే, జూన్ 4న, ఆ సీరియల్ తీసిన బాసు చటర్జీ కన్నుమూశారు. ఆ వార్త చదివి మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. పెద్దతనం కదా, అనుకున్నాను.

ఇక ఈ సంక్రాంతి. కనుమనాడు మధ్యాహ్నం భోజనాలయ్యాయి. మా అమ్మాయి ఫోన్లో ఆ ఎపిసోడు వెతికి టీవీకి కలిపింది. మావయ్యకిప్పుడు ఎనభై దాటాయి. అప్పటి పందెంరాయుళ్లలో మిగిలినవాళ్లు ఇద్దరు... పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన పెద్దాయన, వీధి చివరి కిరాణా కొట్టాయన. ఇద్దరూ చేతికర్రలతో వచ్చి కూర్చున్నారు. తెలుగు చెప్పే బాధ్యత మళ్లీ మావయ్యదే. గొంతు వణుకుతోంది గానీ, ఒక్క మాటా పోనివ్వలేదు.

దొంగెవరో అందరికీ తెలుసు. మరి ఏం చూస్తాం? అప్పుడే నాకో సంగతి తట్టింది. మొదటిసారి చూసినప్పుడు మనం హంతకుడి కోసం వెతుకుతాం. మళ్లీ చూసినప్పుడు, మనం ఎలా మోసపోయామో చూస్తాం. డాక్టరు ప్రతి మాటా ఎంత తియ్యగా ఉందో! అనుమానాన్ని ఎంత నేర్పుగా పక్కవాడి మీదకి తోస్తున్నాడో! కొత్తవాడు, ఒంటరివాడు, ఊరూ పేరూ ఎవరికీ తెలియనివాడు... అతను ఏ తప్పూ చేయకుండానే మన మనసులో దోషి అయిపోతున్నాడు. రజిత్ కపూర్ ఆ చూపులన్నీ మౌనంగా భరిస్తూ ఉంటాడు. 'ద మేకింగ్ ఆఫ్ ద మహాత్మా'లో గాంధీజీగా వేసి జాతీయ ఉత్తమ నటుడు అనిపించుకున్నది ఈయనే.

సరిగ్గా అక్కడ, మెస్సులో అందరూ అతుల్‌ని అనుమానంగా చూస్తున్నచోట, మావయ్య తెలుగు చెప్పడం ఆపేశారు.

'ఆపమ్మా కాసేపు' అన్నారు మా అమ్మాయితో. 'మీకు మన గదిలో ఉండే రాయగడ కుర్రాడు గుర్తున్నాడా?' అని స్నేహితులని అడిగారు.

'ఎందుకు గుర్తులేడు మేష్టారూ! మీ డబ్బులు పట్టుకుపోనాడు కదా' అన్నారు కొట్టాయన.

ఆ గొడవ నాకూ లీలగా తెలుసు. ఆ సీరియల్ వస్తున్న రోజుల్లోనే మావయ్య ఇంట్లో ఎనిమిది వందల అరవై రూపాయలు పోయాయి. పిల్లల హిందీ పరీక్ష ఫీజులవి. ఆయన అప్పుచేసి కట్టారు. పోలీసులకి చెప్పలేదు. ఎవరూ ఎవరినీ పేరు పెట్టి అనలేదు కూడా. కానీ వీధి వీధంతా గుమ్మం దగ్గర కూర్చునేవాడి వైపే చూసింది. డాక్టరే దొంగ అని ముందే చెప్పడం కూడా అతని మెడకే చుట్టుకుంది. 'దొంగ బుద్ధి దొంగకే తెలుస్తాది' అన్నారెవరో. వారం తిరక్కుండానే అతను ఖాళీ చేశాడు. నెల అద్దె పూర్తిగా లెక్కకట్టి, తాళంచెవితో పాటు కిటికీలో పెట్టి వెళ్లిపోయాడు.

మావయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. 'ఆ డబ్బు పోలేదు. తర్వాతొచ్చిన సంక్రాంతికి సున్నాలు వేయిస్తూ బీరువా జరిపించేను. సొరుగు వెనక్కి జారిపోయి ఉంది కవరు. పైసాతో సహా.'

వసారా నిశ్శబ్దమైపోయింది. అత్త చీర కొంగు సర్దుకుంటూ నేలచూపులు చూస్తోంది. ఆమెకి తెలుసన్నమాట. ముప్ఫై ఏళ్లకి పైగా ఇద్దరే మోశారు ఆ సంగతిని.

'మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు తాతయ్యా?' అనేసింది మా అమ్మాయి. నాకు చివుక్కుమంది. మావయ్య మాత్రం తడుముకోలేదు. 'సిగ్గేసిందమ్మా. మేష్టారు పొరపాటు పడ్డాడంటే నలుగురూ నవ్వుతారనుకున్నాను. అవతల వెళ్లిపోయినవాడి మాటో? అప్పుడది ఆలోచించలేదు. ఆలోచించేసరికి ఆలస్యమైపోయింది. మిల్లులో అడిగితే వాళ్లకీ అడ్రసు తెలీదన్నారు.'

పోస్టాఫీసు పెద్దాయన నోరు విప్పలేదు. కొట్టాయన మాత్రం చాలాసేపటికి అన్నారు- 'మరి నేను ఊరంతా చెప్పీసేనే మేష్టారూ... కొట్టుకి వచ్చినోళ్లందరికీ చెప్పీసేను.' ఆ గొంతులో కోపం లేదు. అంతకంటే బరువైనదేదో ఉంది.

తర్వాత మిగతా ఎపిసోడు చూశాం. అర్ధరాత్రి వేసిన వలలో డాక్టరు చిక్కాడు. బ్యోమ్‌కేష్ తన అసలు పేరు చెప్పాడు. అతుల్ మీద పడిన మచ్చ అరగంటలో తుడిచిపెట్టుకుపోయింది. కథల్లో ఉన్న సుఖం అదే. బయట అలా కాదు. సత్యం ఓ సొరుగు వెనక దొరుకుతుంది. దాన్ని పట్టుకుని వీధిలోకి వచ్చి చెప్పేవాళ్లు కావాలి. వెతకడానికి తెలివి చాలు, చెప్పడానికి మాత్రం ధైర్యం ఉండాలి. సత్యాన్వేషి అన్న మాటలో సగమే ఉంది సుమా, అనిపించింది నాకు.

మన ఇళ్లలోనూ ఇలాంటి లెక్కలు తేలకుండా ఉండే ఉంటాయి. పోయిందనుకున్న ఉంగరం అటకమీద దొరుకుతుంది. పనిమనిషి మాత్రం అప్పటికే మానేసి ఉంటుంది. దొరికిందని ఆమెకి ఎవరైనా కబురు పెట్టారా? పోయిందని పదిమందికి చెప్పిన నోరు, దొరికిందని ఒక్కరికైనా చెప్పిందా?

వెళ్లేముందు కొట్టాయన గుమ్మం దగ్గర ఆగారు. చెప్పులు వేసుకుంటూ, 'రేపట్నించి కొట్టు దగ్గర కూర్చుంటాను మేష్టారూ. అబ్బాయి చూసుకుంటున్నాడనుకోండి. అయినా కూర్చుంటాను. పాతవాళ్లు ఎవరు వచ్చినా చెప్తాను, డబ్బు దొరికిందని' అన్నారు.

పాతవాళ్లు ఎంతమంది మిగిలారో, వాళ్లలో ఎంతమందికి ఆ కుర్రాడు గుర్తున్నాడో నాకు తెలీదు. మావయ్య మాత్రం లేచి, ఆయన చేతికర్ర అందించారు.