చెమట పట్టిన వేలు, పాత టచ్ ఫోను

2010లో నేను కొన్న నోకియా 5233 ఫోను ఇంకా నా దగ్గర ఉంది. టచ్ ఫోన్లు మన నిడదవోలు వంటి ఊళ్లకు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. తరువాత పిల్లలు కొనిచ్చిన పెద్ద తెర ఫోన్లు రెండు మూడు నా చేతికి వచ్చాయి. అయినా ఆ పాతదాన్ని పారేయలేదు. పాత వస్తువు మీద మమకారం తప్ప ఇందులో మరేమీ లేదని ఇంతకాలం అనుకున్నాను. కిందటి వేసవిలో జరిగిన ఒక సంఘటన తరువాత ఆ అభిప్రాయం మార్చుకున్నాను. ఆరోగ్య విషయాలు రాసే చోట ఫోను గోల ఏమిటని పాఠకులు విసుక్కోవద్దని మనవి. ఇది ఆరోగ్య విషయమే.

సమిశ్రగూడెం వైపు రైతు ఒకరు, డెబ్బయి దాటినవారు, నాకు చాలా ఏళ్లుగా తెలుసు. నేను వృత్తి విరమించినా ఆయనలాంటి పాతవాళ్లు సలహా కోసం వస్తూనే ఉంటారు. ఆయన మధుమేహానికి గ్లిమిపిరైడ్ మాత్ర వాడుతున్నారు. భార్య మనవరాలి పురిటికి తణుకు వెళ్లడంతో ఆ రాత్రి ఇంట్లో ఒక్కరే ఉన్నారు. మాత్ర వేసుకున్నారు గానీ, వండుకోవడానికి బద్ధకించి భోజనం మానేశారు. అర్ధరాత్రి దాటాక మెలకువ వచ్చేసరికి ఒళ్లంతా చెమట, చేతుల వణుకు, గుండె దడ. కొడుకు కొనిచ్చిన కొత్త ఫోను మంచం పక్కనే ఉంది.

“ఎంత రాసినా తెర పలకలేదండి డాక్టరు గారూ. ఒకచోట నొక్కితే ఇంకోచోట ఏదో తెరుచుకుంటదండి. మనవడి బొమ్మ తప్ప నాకేం కనపడలేదండి” అన్నారు మర్నాడు నా దగ్గరకు వచ్చినప్పుడు. గోడ పట్టుకొని నడిచి పక్కింటి తలుపు తట్టారు. వాళ్లిచ్చిన పంచదార నీళ్లతో తేరుకున్నారు. ఆయన ఫిర్యాదంతా ఫోను మీదే, జబ్బు మీద కాదు. భోజనం మానేసి మాత్ర వేసుకున్నందుకు నేను మందలించాను. కానీ ఫోను విషయంలో ఆయన చెప్పినదానిలో అబద్ధం ఏమీ లేదు.

నా పాత ఫోనుకూ ఆయన కొత్త ఫోనుకూ తెరలోనే తేడా ఉంది. 5233లో ఉన్నది ఒత్తిడిని గుర్తించే తెర, రెసిస్టివ్ అంటారు. విద్యుత్తును ప్రసరింపజేసే పూత పూసిన రెండు పలుచని పొరలు, మధ్యలో కొద్దిపాటి ఖాళీ. పైనుంచి నొక్కితే పై పొర వంగి కింది పొరను తాకుతుంది. ఎక్కడ తాకిందో ఫోను లెక్కగడుతుంది. నొక్కినది వేలా, గోరా, పెన్సిలు మొనా అన్నది దానికి అనవసరం. చేతి తొడుగులతోనూ పనిచేస్తుంది. 2007లో ఐఫోను వచ్చాక ప్రపంచమంతటా వ్యాపించిన తెర వేరు. దానిని కెపాసిటివ్ అంటారు. గాజు కింద ఒక సన్నని విద్యుత్ క్షేత్రం ఉంటుంది. మన శరీరం విద్యుద్వాహకం కనుక వేలు దగ్గరకు రాగానే ఆ క్షేత్రంలో మార్పు వస్తుంది. నొక్కనవసరం లేదు, తాకితే చాలు. పిల్లలకు అది ఇంద్రజాలంలా ఉంటుంది. అయితే అది గుర్తించేది ఒత్తిడిని కాదు, చర్మాన్ని. ఉప్పుతో కూడిన చెమట కూడా విద్యుద్వాహకమే. తెర మీద చెమట చుక్కలు పడితే వేలు ఎక్కడుందో, చుక్క ఎక్కడుందో దానికి తేడా తెలియదు.

రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కన్నా తగ్గినప్పుడు శరీరం అడ్రినలిన్‌ను విడుదల చేస్తుంది. చెమట, వణుకు, దడ దాని ఫలితాలే. గుండెపోటులోనూ చల్లని చెమటలు పడతాయి. అంటే మనిషి సాయం కోసం ఫోను అందుకునే క్షణంలోనే ఆ ఫోను అతని వేలిని గుర్తించలేని స్థితి ఏర్పడుతోంది. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో అడిగి కొనే మనం ఈ సంగతి ఎప్పుడైనా అడిగామా?

చెమట లేనప్పుడు కూడా పెద్దవారికి చిక్కే. వయసుతో చర్మం పొడిబారుతుంది, స్వేదగ్రంథులు మందగిస్తాయి. ఊడ్పులు, కోతలు, కొబ్బరి ఒలుపు, మిల్లులో బస్తాల మోత చేసిన చేతులకు కాయలు కాస్తాయి. దళసరిగా, ఎండుగా ఉన్న ఆ చర్మం గాజు కింది క్షేత్రాన్ని చాలినంతగా కదిలించలేదు. రేషను దుకాణం దగ్గర వేలిముద్ర పడని చేతులూ తరచుగా ఇవే. మధుమేహంతో వేళ్ల నరాలు దెబ్బతిన్నవారికి తాకామో లేదో తమకే తెలియదు. కాస్త ఎక్కువసేపు వేలు ఆనిస్తే ఫోను దానిని ‘పట్టి ఉంచడం’గా భావించి మరేదో పట్టిక తెరుస్తుంది. వారు మొద్దులు కారు, తెర వారి కోసం తయారైనది కాదు. “మా నాన్నకు ఎన్నిసార్లు చెప్పినా రాదండీ” అని విసుక్కునే కొడుకులు నా దగ్గరకు చాలామంది వచ్చారు.

పాత ఫోనులో నాకు నచ్చిన మరో సంగతి, తెర కింద నిజమైన మీటలు మూడు ఉండటం. పచ్చది నొక్కితే మాట, ఎర్రది నొక్కితే ముగింపు. పక్కన తెరకు తాళం వేసే చిన్న జారుడు మీట. చీకటిలో, కళ్లద్దాలు లేకుండా, వేలితో తడిమి ఫోను ఎత్తవచ్చు. 115 గ్రాముల బరువు. చొక్కా జేబులో ఉన్నట్టే తెలియదు. బ్యాటరీ 1320 మిల్లీ ఆంపియర్ అవర్లే అయినా నా వాడకానికి రెండు రోజులు వచ్చేది. ఎఫ్ఎం రేడియో సరేసరి.

ఇక దాని లోపాలు. అవి చిన్నవి కావు. ముందుగా, నొక్కాలి. బొటనవేలి మొదటి కీలు అరిగినవారికి అది శిక్షే. ఒత్తిడి తెర వణికే చేతికి మేలు, నొప్పి చేతికి కీడు. నడివయసు స్త్రీలలో ఈ కీలు అరుగుదల ఎక్కువ కనుక ఆ రోజుల్లో నా శ్రీమతి ఈ ఫోను ముట్టుకునేది కాదు. పైగా అందులోని సింబియన్ వ్యవస్థకు ఒక వింత అలవాటు: బొమ్మల పట్టీలో ఒకసారి తాకితే తెరుచుకునేది, పేర్ల జాబితాలో మొదటి తాకుడుకు పేరు మెరిసేది, రెండోదానికి తెరుచుకునేది. ఎక్కడ ఒకటి, ఎక్కడ రెండు అన్నది నాకే చివరిదాకా అలవాటు కాలేదు. పై పొర ప్లాస్టిక్ కావడం వల్ల గీతలు పడి, ఎండలో ఏమీ కనపడేది కాదు.

నేను క్షమించలేని లోపం తెలుగు. సందేశం తెలుగులో వస్తే వరుసగా డబ్బాలు కనిపించేవి. ఒపేరా మినీ బ్రౌజరులో ఒక అమరిక మారిస్తే అక్షరాలను బొమ్మలుగా తెచ్చి చూపేది. ఆ కాలపు తెలుగు పాఠకులకు ఆ కిటుకు గుర్తుండే ఉంటుంది. కానీ అది సందేశాలకు వర్తించదు. కనుక రోగులకు ఇంగ్లీషు అక్షరాలలో తెలుగు రాసి పంపేవాణ్ణి. మధుమేహం ఉన్న ఒక వృద్ధురాలికి పళ్లు తగ్గించమని రాస్తే ఆమె మనవరాలు దానిని ‘పాలు’ అని చదివి వినిపించింది. ఆవిడ రెండు నెలలు పాలు మానేసి, మామిడిపళ్లు నిక్షేపంగా తిన్నారు. తప్పు నాదే. ఆ తరువాత మందులు, ఆహారం గురించిన సంగతులేవీ అలా రాయలేదు. ఫోను చేసి చెప్పేవాణ్ణి.

వైద్యానికి కావలసిన కొన్ని పనులు దానికి అసలు చేతకావు. కెమెరా రెండు మెగాపిక్సెళ్లు, దగ్గరి వస్తువు మీద దృష్టి నిలపదు, ఫ్లాష్ లేదు. చర్మం మీది దద్దురును గానీ రక్తపరీక్ష నివేదికను గానీ ఫొటో తీసి పంపితే అలికినట్టు ఉండేది. నేటి ఫోనుతో మాత్రల అట్ట మీది సన్నని అక్షరాలను పెద్దవి చేసి గడువు తేదీ చదువుకోవచ్చు. చత్వారం వచ్చినవారికి ఇది చిన్న మేలు కాదు. పాత ఫోనులో వైఫై లేదు, 3జీ లేదు. సింబియన్ ఫోన్లకు వాట్సాప్ 2017 జూన్ 30తో ఆగిపోయింది. 2016లో వచ్చిన జియోకు 2జీ లేదు కనుక ఆ సిమ్ము ఇందులో పలకదు. 2020లో కరోనా కాలంలో ఇంటినుంచే వైద్యుణ్ణి చూసేందుకు ఈ-సంజీవని వచ్చినప్పుడు ఈ ఫోను ఉన్నవాడికి దాని వల్ల ఒరిగింది శూన్యం. మన దేశంలో 2017 జనవరి 1 నుంచి అమ్మే ప్రతి ఫోనులోనూ ఆపద మీట ఉండాలని నిబంధన వచ్చింది. అంతకు ముందుదైన దీనిలో అదీ లేదు.

పాత ఫోన్ల నుంచి రేడియేషన్ ఎక్కువ కదా అని చాలామంది అడుగుతుంటారు. 2జీ ఫోను, సంకేతం బలహీనంగా ఉన్నచోట, 4జీ ఫోను కన్నా ఎక్కువ శక్తితో ప్రసారం చేయగలదన్నది నిజం. మన దేశం 2012 సెప్టెంబరు నుంచి ఆ పరిమితిని కిలోకు 1.6 వాట్లకు తగ్గించింది. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరిక మీద జరిగి 2024లో వెలువడిన సమీక్షలో మొబైల్ వాడకానికీ మెదడు క్యాన్సరుకూ సంబంధం కనబడలేదు. నా భయం దాని మీద కాదు, బ్యాటరీ మీద. 2007 ఆగస్టులో నోకియా బీఎల్-5సీ బ్యాటరీలు 4.6 కోట్లు వేడెక్కి ఉబ్బవచ్చని ఆ కంపెనీయే ప్రకటించినప్పుడు జనం వెనక మూత తీసి సంఖ్యలు సరిచూసుకున్నారు. ఏళ్ల నాటి ఫోనుకు ఇప్పుడు బజారులో దొరికే బ్యాటరీ ఎవరు చేసినదో ఎవరు చెప్పగలరు? బ్యాటరీని చదునైన బల్ల మీద పెట్టి తిప్పండి. బొంగరంలా తిరిగితే ఉబ్బిందన్నమాట. దానిని చార్జి చేయకండి, పొడవకండి, చెత్తకుప్పలో వేయకండి. ఈ-వ్యర్థాలు తీసుకునే దుకాణంలో ఇవ్వండి. మే నెల ఎండలో స్కూటరు డిక్కీలో ఏ ఫోనూ ఉంచకండి.

కాబట్టి పాతదే మేలని నేను వాదించడం లేదు. తెలుగు చదవలేని ఫోనును తెలుగు పెద్దలకు ఇవ్వమని ఎలా చెప్పగలను? పాత ఫోనులో ఉండి కొత్తదానిలో పోయిన గుణాన్ని మరో దారిన తెచ్చుకోవాలన్నదే నా మాట. అమ్మకో నాన్నకో ఫోను కొనేటప్పుడు దుకాణంలోనే వారి వేలిని కాస్త తడిపించి, వచ్చే కాలును ఎత్తమనండి. ఎత్తలేకపోతే అది వారి ఫోను కాదు. తెర మీద దళసరి గాజు అతికిస్తే స్పర్శ ఇంకా తగ్గుతుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అనే విభాగం ఉంటుంది. అక్కడ ‘పట్టి ఉంచే’ వ్యవధిని పెంచవచ్చు, కొన్ని కంపెనీల ఫోన్లలో ధ్వని పెంచే మీటతో కాలు ఎత్తేలా అమర్చుకోవచ్చు. పవరు మీటను వరుసగా, ఫోనును బట్టి మూడుసార్లో ఐదుసార్లో, నొక్కితే అత్యవసర కాలు వెళ్లే ఏర్పాటు ఉందో లేదో చూడండి. పరీక్షకని నిజంగా 112కు ఫోను చేయకండి, పాపం అక్కడ పనిచేసేవారికి వేరే పనులున్నాయి. తాళం తీయకుండానే 112కు ఫోను చేయవచ్చన్న సంగతి ఇంట్లో అందరికీ తెలియాలి. ఇవన్నీ కుదరని పెద్దలకు మీటలున్న 4జీ కీప్యాడ్ ఫోను ఒకటి మంచం దగ్గర ఉంచడం చవకైన ఉపాయం.

సమిశ్రగూడెం రైతుకు వాళ్లబ్బాయి అదే చేశాడు. ఒకటో మీట నొక్కిపడితే పక్కింటికి, రెండో మీటకు కొడుక్కి కాలు వెళ్లేలా అమర్చాడు. పెద్ద తెర ఫోను మనవడి బొమ్మలు చూడటానికి ఉంది. ఫోను పక్కన ఒక డబ్బాలో పంచదార పెట్టుకోమని నేను చెప్పాను. వణుకు మొదలవగానే మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగాలి, పావుగంట ఆగి మళ్లీ చక్కెర చూసుకోవాలి, తగ్గకపోతే మళ్లీ తాగాలి, ఆ తరువాత ఏదైనా తినాలి. ముందు తాగడం, తరువాత ఫోను చేయడం. తెలివి తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు. వెంటనే 108కు ఫోను చేయాలి.

నా 5233 బల్ల సొరుగులో ఉంది. బ్యాటరీ తీసి విడిగా పెట్టాను.