ఆరు ఇంగ్లీషు అక్షరాలు

గర్భసంచి తీసేసేనాటికి మా పిన్నికి ముప్ఫై నాలుగేళ్ళు. పన్నెండేళ్ళు గడిచాక, మొన్న సంక్రాంతికి వెళ్తే, బీరువాలో చీరల అడుగున దాచిన ఆసుపత్రి కాగితాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. అంతకుముందు వాకిట్లో జారి పడితే ఆమె మణికట్టు విరిగింది. ఎముకలు గుల్లబారాయన్నారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఆ డిశ్చార్జి కాగితంలో ఆరు ఇంగ్లీషు అక్షరాలు కనిపించాయి: టీఏహెచ్, బీఎస్‌ఓ. గర్భసంచితో పాటు అండాశయాలు రెండూ తీసేశారని వాటి అర్థం. చిన్న వయసులో అవి తీసేస్తే ఎముకలు త్వరగా గుల్లబారతాయని, గుండెజబ్బు ముప్పు పెరుగుతుందని వైద్య పుస్తకాలు చెబుతూనే ఉన్నాయి. అవి తన ఒంట్లో లేవన్న సంగతే పిన్నికి తెలియదు.

"పాపం, చదువు లేక" అని నిట్టూర్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తెల్లబట్ట ఏ కార్తెలో ఎక్కువవుతుందో, రోజంతా బురదలో వంగి నాట్లేస్తే నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడికి పాకుతుందో పిన్నికి పూసగుచ్చినట్టు తెలుసు. ఆసుపత్రికి వెళ్ళినప్పుడు చెప్పబోయింది కూడా. డాక్టరు స్కానింగు ఫిల్ము మీంచి తల ఎత్తలేదు. పిల్లలు పుట్టేశారుగా, ఇక దాంతో పనేముంది, ఉంచుకుంటే క్యాన్సరవుతుంది అన్నాడు. ఒప్పుకోలు కాగితం మీద సంతకం బాబాయిది. ఆ గదిలో వినకుండా కూర్చున్న మనిషి జ్ఞానిగా, విషయం తెలిసిన మనిషి అజ్ఞానిగా బయటికొచ్చారు. అజ్ఞానమంటే ఇంకా దీపం చేరని మూల అని మనకు నేర్పారు. కాదు. అది ఇలా, ఒక గదిలో, ఇద్దరి మధ్య, పగటిపూట తయారవుతుంది.

అమెరికన్ తత్వవేత్త నాన్సీ టువానా స్త్రీల ఆరోగ్యోద్యమం గురించి రాస్తూ 2006లో ఈ మాటే వాదించింది: ఏం తెలుసుకున్నామని అడిగితే చాలదు, ఏది తెలియకుండా ఉంచారు, ఎవరి మేలు కోసం ఉంచారు అని కూడా అడగాలి.

అడుగుదాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 1992-93లో మొదలైంది. ఆడవాళ్ళకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా లేదా అన్నది మొదటి విడత నుంచీ లెక్కపెట్టారు. జనాభా తగ్గించాలి కాబట్టి ఆ అంకె సర్కారుకు కావాలి. గర్భసంచి ఎప్పుడు తీశారు, ఎక్కడ తీశారు, ఎందుకు తీశారని విడిగా అడగడానికి నాలుగో విడత దాకా, అంటే 2015-16 దాకా ఆగారు. అడిగాక తేలిందేమిటి? పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళలోపు ఆడవాళ్ళలో దేశమంతటా 3.2 శాతానికి గర్భసంచి లేదు. తెలంగాణలో 7.7. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, దేశంలోకెల్లా ఎక్కువ. దేశం మొత్తం మీద అలా తీసినవాటిలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే. ఇన్ని లక్షల కడుపులు కోస్తుంటే ఇరవై ఏళ్ళకు పైగా ఆ ప్రశ్న ఎవరికీ తట్టలేదంటే నేను నమ్మను. ఆపరేషన్‌కు డబ్బొస్తుంది. ఆడమనిషి చెప్పేది అరగంట కూర్చుని వింటే ఏమీ రాదు. దేనికి డబ్బొస్తుందో దాని చుట్టూ జ్ఞానం పెరిగింది, మిగిలినచోట మౌనం పెరిగింది.

ఈ మౌనం విధిరాత కాదనడానికి మన భాషలోనే సాక్ష్యం ఉంది. హైదరాబాదులో కొందరు ఆడవాళ్ళు కలిసి కూర్చుని, 'సవాలక్ష సందేహాలు' అని స్త్రీల ఆరోగ్యం మీద తెలుగులో పుస్తకం తెచ్చారు. తెల్లబట్ట గురించి సిగ్గుపడకుండా తెలుగులో రాయొచ్చని వాళ్ళు ఎప్పుడో చేసి చూపించారు. అలాంటప్పుడు డిశ్చార్జి కాగితం మీద "నీ అండాశయాలు కూడా తీసేశాం" అని ఒక్క వాక్యం రాయడానికి అడ్డేమిటి? రాస్తే ఆమె ఎందుకని అడుగుతుంది. అందుకే రాయరు.

నేను అర్థం చెప్పాక పిన్ని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అవి కూడానా?" అంది. కాగితాలు మడిచి సంచిలో పెట్టి వీధిలోకి వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు ఆమె వెనక మరో నలుగురు ఆడవాళ్ళు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ప్లాస్టిక్ సంచి.

"వీళ్ళవి కూడా చదువమ్మా" అంది.