మాసిక పక్కనే చిరుగుతుంది

మా అత్తయ్యగారికి తుంటి దగ్గర ఎముక విరిగితే ఆపరేషన్ చేసి తొడలో రాడ్ వేశారు. చూడ్డానికొచ్చిన వాళ్ళందరిదీ ఒకటే మాట: "ఇంకేం భయం? ఇనుప కాలు వచ్చేసింది." మేమూ అలాగే నమ్మాం. రెండేళ్ళు తిరక్కుండానే తులసికోట దగ్గర కాలు జారి కూలబడ్డారు. మళ్ళీ అదే తొడ. ఈసారి సరిగ్గా రాడ్ ఆగిపోయిన చోట.

"చవక రకం వేసుంటారు" అన్నాడు మా మరిది. తీరా ఎక్స్‌రేలో చూస్తే రాడ్ చెక్కుచెదరలేదు. డాక్టరుగారు చెబుతుంటే నాకు మా అమ్మ వేసే మాసికలు గుర్తొచ్చాయి. నలిగిన చీరకి గట్టి గుడ్డతో మాసిక వేస్తే ఆ మాసిక చిరగదు. కుట్టు అంచున పాత గుడ్డ చిరుగుతుంది.

స్టీలు ఎముక కన్నా సుమారు పది రెట్లు బిరుసు. టైటానియం అందులో సగం. అడుగు వేసినప్పుడల్లా ఎముక కంటికి కనపడనంత వంగుతుందట. రాడ్ ఉన్నంత మేరా అది వంగనివ్వదు. అందుకని ఒత్తిడంతా రాడ్ చివర పోగవుతుంది. ప్లేటు వేస్తే ఆఖరి స్క్రూ దగ్గరా ఇదే సంగతి. ప్లేటు తీసేశాక కూడా ఆ స్క్రూ బెజ్జాలు పూడేదాకా కొన్ని నెలలు జాగ్రత్తగా ఉండాలి. పైగా బరువు రాడ్ మోస్తుంటే చుట్టూ ఉన్న ఎముక పనిలేక పలచబడుతుంది. మోసే బరువుని బట్టే ఎముక గట్టిపడుతుందని జర్మనీ డాక్టరు యూలియస్ వోల్ఫ్ 1892లోనే పుస్తకం రాశాడు. (పనిలేకపోతే ఏమవుతుందో మా ఇంట్లో మగవాళ్ళకి చదివి వినిపించాలి.)

అలాగని రాడ్ వద్దనను. అది లేకపోతే ఆవిడ మంచం దిగేవారే కాదు. నా బాధల్లా మా గురించే. నిలబడ్డ మనిషి జారిపడితేనే తుంటి విరిగిందంటే ఎముక అప్పటికే గుల్లబారిందని అర్థం. రాడ్ ఖరీదు గురించి పదిసార్లు అడిగిన మేం ఎముక సంగతి ఒక్కసారీ అడగలేదు. డెక్సా స్కాన్ చేయించలేదు. కాల్షియం మాత్రలు అయిపోతే మళ్ళీ తేలేదు. పడటానికి మూడు వారాల ముందు నుంచీ "నిలబడితే తొడ లాగుతోందే" అంటూనే ఉన్నారు. వయసు అన్నాం. జండూబామ్ రాశాం. రాడ్ వేసిన కాలికి అడుగు వేస్తే కొత్తగా నొప్పి వస్తోందంటే ఎక్స్‌రే తీయించాల్సిందేనని ఇప్పుడు చెప్పారు. ఆడవాళ్ళ నొప్పి ఎక్స్‌రేలో పడితే తప్ప మన ఇళ్ళలో నొప్పి కాదు. ఆ ఇంట్లో నేనూ ఉన్నాను, నేనూ ఆడదాన్నే.

ఈసారి రాడ్ మీదికి వచ్చేలా పొడుగాటి ప్లేటు వేశారు, రెండింటి మధ్య ఖాళీ ఉంటే మళ్ళీ అక్కడ విరుగుతుందని. ఎముకలు గట్టిపడే మందు కూడా మొదలుపెట్టారు. బాత్రూంలో పట్టుకోవడానికి గోడకి కడ్డీ బిగించాం.

నెలసరి ఆగాక ఎముకలు త్వరత్వరగా పలచబడతాయని డాక్టరుగారు చెబుతున్నప్పుడు అత్తయ్యగారు మంచం మీద నుంచి నా వైపే చూశారు. "నీకు ఆగి ఏడాది అయిందిగా. నువ్వెప్పుడు చూపించుకుంటావే?" అన్నారు.

మంగళవారం వెళ్తున్నాను.