2018లో 15 కోట్లు.. ఇప్పుడు 4 కోట్లు: ధోనీని చెన్నై మళ్లీ ఎందుకు అట్టిపెట్టుకుంది? ఈ లెక్కలో అసలు ఖర్చు ఎక్కడుంది?

ఏప్రిల్ 15 వచ్చిందంటే నెల్లూరు తీరంలో మరపడవలు ఒడ్డుకు చేరిపోతాయి. జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. జువ్వలదిన్నె, మైపాడు, కృష్ణపట్నం చుట్టుపక్కల పాలేల్లో ఆ రెండు నెలలు చేతినిండా పని ఉండదు. సరిగ్గా అప్పుడే టీవీల్లో, ఫోన్లలో ఐపీఎల్ నడుస్తుంటుంది.

పేరుకి తెలుగోళ్ల టీమ్ సన్‌రైజర్స్. కానీ నెల్లూరు నుంచి హైదరాబాద్ ఎంత దూరమో, చెన్నై ఎంత దగ్గరో మ్యాప్ చూడక్కర్లేదు, రైలెక్కితే చాలు. పైగా తీరంలోని పట్టపు మత్స్యకారుల ఇళ్లల్లో మాట్లాడే మాటలోనే సగం తమిళం. అందుకే ఈ వైపు పసుపు జెర్సీ, దాని వెనక 7 నంబర్ కనిపిస్తే ఎవరికీ వింత కాదు.

ఆ 7 నంబర్ మనిషినే చెన్నై సూపర్ కింగ్స్ మళ్లీ ఉంచుకుంది. 2026 సీజన్ కోసం 2025 నవంబర్ 15న ఇచ్చిన రిటెన్షన్ లిస్టులో మహేంద్ర సింగ్ ధోనీ పేరుంది. వయసు 44. ధర 4 కోట్లు. అభిమానులకి పండగే. కానీ మేనేజ్‌మెంట్ కోణంలో చూస్తే ఇది సెంటిమెంటా, తెలివైన బేరమా అన్న ప్రశ్న మిగిలే ఉంది.

ముందు ఈ 4 కోట్ల సంగతి చూద్దాం.

2008 తొలి వేలంలో ధోనీ రేటు 15 లక్షల డాలర్లు. ఆ రోజు అందరికంటే ఖరీదైన ఆటగాడు అతనే. 2014లో 12.5 కోట్లు, 2018లో 15 కోట్లు. 2022లో జడేజాకి 16 కోట్లు ఇచ్చి మొదటి రిటెన్షన్‌గా పెట్టారు, ధోనీ 12 కోట్లతో రెండో స్థానానికి వెళ్లాడు. అక్కడి నుంచి ఒక్కసారిగా 4 కోట్లు.

ఇది ధోనీ తగ్గించుకున్న రేటు అనుకుంటే పొరపాటు. రూల్ మారింది. అంతర్జాతీయ క్రికెట్లో గత ఐదు క్యాలెండర్ ఏళ్లుగా తుది జట్టులో ఆడని, బీసీసీఐ సెంట్రల్ కాంట్రాక్ట్ లేని భారత ఆటగాడిని 'అన్‌క్యాప్‌డ్'గా లెక్కేయొచ్చు. 2021లో ఎత్తేసిన ఈ నిబంధనని 2025 సీజన్ కోసం తిరిగి తెచ్చారు. ధోనీ చివరి అంతర్జాతీయ మ్యాచ్ 2019 జులైలో మాంచెస్టర్‌లో న్యూజిలాండ్‌తో ఆడిన ప్రపంచకప్ సెమీస్. గప్టిల్ విసిరిన ఆ త్రో గుర్తుంది కదా! అలా రెండు ప్రపంచకప్‌లు గెలిపించిన కెప్టెన్, దేశానికి ఒక్క మ్యాచ్ కూడా ఆడని కుర్రాళ్ల కేటగిరీలోకి వచ్చాడు. రూల్ ఒక్కడి కోసమే అనడానికి లేదు, రాజస్థాన్ రాయల్స్ సందీప్ శర్మని ఇదే దారిలో 4 కోట్లకి ఉంచుకుంది. కానీ ఎక్కువ లాభపడింది మాత్రం చెన్నైనే.

ఎంత లాభమో లెక్క తీస్తే తెలుస్తుంది. 2024 అక్టోబర్ 31న చెన్నై నలుగురు క్యాప్‌డ్ ఆటగాళ్లని ఉంచుకుంది. రుతురాజ్, జడేజాలకి 18 కోట్ల చొప్పున, పతిరాణాకి 13, దూబేకి 12. ధోనీని కూడా క్యాప్‌డ్ కిందే ఉంచుకుని ఉంటే ఐదో స్లాట్ కింద పర్సులోంచి 14 కోట్లు పోయేవి. పోయింది 4. అంటే 10 కోట్లు మిగిలాయి. ఆ తర్వాత జెడ్డా వేలంలో చెన్నై అఫ్గాన్ స్పిన్నర్ నూర్ అహ్మద్‌ని కొన్న రేటు సరిగ్గా 10 కోట్లు. అతను 2025 సీజన్లో 24 వికెట్లు తీశాడు. కాగితం మీద ఇంతకంటే మంచి బేరం ఉండదు.

మరి మైదానంలో? ఇక్కడే కథ అడ్డం తిరిగింది.

2024లో ధోనీ 73 బంతులే ఆడి 161 పరుగులు కొట్టాడు. విశాఖలో ఢిల్లీ మీద 16 బంతుల్లో 37 నాటౌట్ అందులోదే. మ్యాచ్ చెన్నై ఓడింది, స్టేడియం మాత్రం ధోనీ పేరుతో ఊగిపోయింది. 2005లో పాకిస్తాన్ మీద 148 కొట్టి ధోనీ దేశం మొత్తానికి తెలిసింది కూడా అదే విశాఖలో కాబట్టి, ఆ కేకల్లో న్యాయం ఉంది.

2025కి వచ్చేసరికి 145 బంతుల్లో 196 పరుగులు. బంతులు రెట్టింపు అయ్యాయి, పరుగులు మాత్రం 35 పెరిగాయి. మార్చి 28న చెపాక్‌లో బెంగళూరుతో 197 కొట్టాల్సిన మ్యాచ్‌లో ధోనీ తొమ్మిదో నంబర్‌లో వచ్చాడు, అశ్విన్ తర్వాత! 16 బంతుల్లో 30 కొట్టాడు, కానీ అప్పటికే మ్యాచ్ చేజారింది. 50 పరుగుల తేడాతో ఓటమి. రెండు రోజుల తర్వాత గువాహటిలో కోచ్ ఫ్లెమింగ్ విషయం దాచలేదు: మోకాళ్లు మునుపటిలా లేవు, పది ఓవర్ల పాటు పరిగెడుతూ బ్యాటింగ్ చేసే పరిస్థితి లేదు అన్నాడు. 2023 టైటిల్ గెలిచిన వెంటనే ధోనీ ఎడమ మోకాలికి సర్జరీ చేయించుకున్న విషయం తెలిసిందే.

తర్వాత రుతురాజ్ మోచేతికి గాయం, మళ్లీ ధోనీకే కెప్టెన్సీ. లక్నోలో 11 బంతుల్లో 26 కొట్టి 43 ఏళ్ల వయసులో ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ అయ్యాడు. ఒక్క రోజు సంబరం అది. సీజన్ మొత్తం మీద 14 మ్యాచ్‌ల్లో నాలుగే విజయాలు. ఐపీఎల్ చరిత్రలో తొలిసారి చెన్నై అట్టడుగున నిలిచింది. సన్‌రైజర్స్ చెపాక్‌లో చెన్నైని మొదటిసారి ఓడించింది కూడా ఈ సీజన్లోనే. ధోనీకి అది 400వ టీ20. నెల్లూరులో ఆ రాత్రి ఎవరు సంతోషించాలో ఎవరు బాధపడాలో చెప్పడం కష్టం.

ఈ వైఫల్యాన్ని ధోనీ ఒక్కడి మీద వేయడం అన్యాయం. టాప్ ఆర్డర్ విఫలమైంది, 9.75 కోట్లు పెట్టిన అశ్విన్ తొమ్మిది మ్యాచ్‌లే ఆడి ఏడు వికెట్లు తీశాడు. కానీ 4 కోట్లు అన్న మాట వినగానే 'పోయేదేముంది' అనేస్తున్నారు చూశారా, అక్కడే చిక్కు. జీతం తక్కువే. ఖర్చు తుది జట్టులో అతను తీసుకునే చోటుది. కీపర్ స్థానం ఒకటి పోతుంది. ఏడు, ఎనిమిదిలో వచ్చే బ్యాటర్ కోసం పైనున్న ఆరుగురూ ఎక్కువ బరువు మోయాలి. ఈ ఖర్చు పర్సు లెక్కల్లో కనిపించదు.

అమెరికా బేస్‌బాల్‌లో దీనికి దగ్గరి కథ ఒకటుంది. ఆల్బర్ట్ పుహోల్స్ సెయింట్ లూయిస్ కార్డినల్స్‌లో ఫస్ట్ బేస్‌మన్‌గా పేరు తెచ్చుకున్నాడు. 2011 సీజన్ అయ్యాక పదేళ్లకి 24 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్‌తో వేరే టీమ్‌కి వెళ్లాడు. 2022లో 42 ఏళ్ల వయసులో పాత టీమ్ అతన్ని ఏడాదికి 25 లక్షల డాలర్లకే వెనక్కి తెచ్చుకుంది. అక్కడా రూల్ మార్పే కలిసొచ్చింది. ఫీల్డింగ్ చేయకుండా బ్యాటింగ్ మాత్రమే చేసే స్థానం ఆ ఏడాది నుంచే వాళ్ల లీగ్‌లోకి శాశ్వతంగా వచ్చింది. ఆ సీజన్లో 24 హోమ్ రన్స్ కొట్టి, కెరీర్‌ని 703తో ముగించాడు. అయితే రెండు తేడాలు గమనించాలి. కార్డినల్స్ అతన్ని ఎక్కువగా ఎడమచేతి పిచర్ల మీద, సరిపోయే చోటే వాడుకుంది. ఇదే నా చివరి సీజన్ అని అతను మొదటి రోజే చెప్పేశాడు.

చౌక బేరం ఎలా ఉండాలో చెన్నైకి తెలియంది కాదు. గుంటూరు కుర్రాడు అంబటి రాయుడిని 2018లో 2.20 కోట్లకి తీసుకుంటే 602 పరుగులు చేసి టైటిల్ అందించాడు. 2022లో 6.75 కోట్లకి మళ్లీ కొన్నారు. 2023 ఫైనల్‌లో 8 బంతుల్లో 19 కొట్టి, కప్పు పట్టుకుని వెళ్లిపోయాడు. ఆ గుంటూరు నుంచే వచ్చిన షేక్ రషీద్‌ని 2025 సీజన్ కోసం చెన్నై 30 లక్షలకి మళ్లీ తీసుకుంది. లక్నోపై తొలి మ్యాచ్‌లో 19 బంతుల్లో 27. నవంబర్ లిస్టులో ధోనీ పేరు ఉంది, రషీద్ పేరు లేదు. రషీద్ చోటు ధోనీ తినేశాడని కాదు, ఇద్దరి స్థానాలు వేరు. కానీ ఎవరికి ఎంత ఓపిక చూపిస్తారన్నది తెలుస్తూనే ఉంది.

ఇక 2026 టీమ్ చూస్తే చెన్నై రెండు పడవల మీద కాలు పెట్టినట్టుంది. జడేజా, సామ్ కరన్‌లని రాజస్థాన్‌కి ఇచ్చి 18 కోట్ల సంజూ శాంసన్‌ని తెచ్చుకుంది. అతను కీపర్. డిసెంబర్ 16న అబుదాబి వేలంలో 19 ఏళ్ల కార్తిక్ శర్మకి 14.20 కోట్లు పెట్టింది. అతనూ కీపరే. 20 ఏళ్ల ప్రశాంత్ వీర్‌కీ అదే 14.20 కోట్లు. ఇద్దరూ అన్‌క్యాప్‌డ్. వాళ్ల పక్కనే అదే కేటగిరీలో, వాళ్లలో మూడో వంతు కూడా లేని రేటుకి ధోనీ!

డబ్బు ఎటు పోతుందో చూస్తే వారసత్వం అప్పగించే పని మొదలైనట్టే. తేలాల్సింది గ్లవ్స్ సంగతి. శాంసన్ కీపింగ్ చేస్తే ధోనీ తుది జట్టులో ఏ పాత్రలో ఉంటాడు? ధోనీనే చేస్తే 18 కోట్ల కీపర్ ఫీల్డింగ్‌కి వెళ్తాడు. చెపాక్‌లో మొదటి మ్యాచ్ టాస్ దగ్గర ఇచ్చే టీమ్ షీట్‌లో జవాబు దొరకాలి.