గృహిణులకు: సైకిలు పందెపు బట్టల సంరక్షణ

సైకిలు పందెములకు వెళ్లే పిల్లల బట్టలకు మనము చాలా డబ్బు పెడతాము. అయితే వాటిని మామూలు నూలు బట్టలవలె బండకేసి బాదకూడదు. పాలియెస్టరు లేక నైలానుతో సాగే ఎలాస్టేను దారము కలిపి వాటిని తయారుచేస్తారు. లైక్రా అని మనము పిలిచేది ఈ దారమునే. 1958లో అమెరికాలో జోసెఫ్ షివర్స్ దీనిని కనిపెట్టారు. ఎక్కువ వేడికి, బ్లీచింగుకు దీని సాగుదల పోతుంది.

నిక్కరు లోపల మెత్త ఒకటి కుట్టి ఉంటుంది. పూర్వము అది తోలుది, ఇప్పుడు ఎక్కువగా స్పాంజిది. దీని క్రింద లోదుస్తులు తొడగరు గనుక చెమట అంతా మెత్తలోనే నిలుస్తుంది. ఉతకకుండా మరల తొడిగితే కూర్చునే చోట చర్మము ఒరిసి, కురుపులు లేస్తాయి. పిల్లవాడు సిగ్గుతో ఆ బాధ చెప్పడు. కాబట్టి తొక్కి వచ్చిన ప్రతిసారీ దానిని ఉతకాలి.

జిప్పు మూసి, బట్టలను తిరగవేసి, చన్నీళ్లలో కొద్దిపాటి సబ్బుపొడితో మెల్లగా నొక్కి ఉతుకుదాము. సబ్బు పూర్తిగా పోయేవరకు జాడించాలి. బట్టలను మెత్తబరచే ద్రవములు వాడితే చెమట పీల్చే గుణము తగ్గుతుంది. మెలిపెట్టి పిండక, తువాలులో చుట్టి అదిమి, మెత్త పైకి ఉండేలా నీడలో ఆరవేయాలి. ఇస్త్రీ వద్దు. మెత్త లోపలిదాకా ఆరిందని చేతితో నొక్కి చూచిన తరువాతనే పిల్లవానికి ఇద్దాము.