తీసిన సామాను మాకివ్వండి

పాత కారున్న ఇంటికి సలహాలిచ్చేవాళ్ళు, పెళ్ళీడు పిల్లున్న ఇంటికి సంబంధాలు చెప్పేవాళ్ళకంటే ఎక్కువమంది వస్తారు. సిద్దిపేటలో మా వాకిట్లో మా మామగారు కొన్న 1974 నాటి అంబాసిడర్ మార్క్ టూ ఉన్నన్నాళ్ళూ నాకీ బాధ తప్పేట్టు లేదు. "ఇంజన్ తీసేసి డీజిల్‌ది పెట్టించరాదూ" అని ఒకరు. "ముందటి జాలీ మార్క్ ఫోర్‌ది ఏయిస్తే కొత్తగ కనిపిస్తది గద వదినా" అని మా మరిది. కొత్తగా కనిపించాలంటే కొత్త కారే కొనుక్కుందుం గదా!

సరే, సలహాలదేముంది, ఈ చెవిన విని ఆ చెవిన వదిలేయొచ్చు. నా పోట్లాటంతా షెడ్డు వాళ్ళతో. మొన్న వానాకాలంలో బ్యాటరీ ఛార్జి కావడం లేదని బండి పంపిస్తే, డైనమో తీసేసి ఆల్టర్నేటర్ బిగించి పంపారు. బాగానే పనిచేస్తోంది, కాదనను. "పాతదేది బాబూ?" అని అడిగాను. "గదెందుకమ్మా, తుక్కుల ఏసినం" అన్నాడు, నేనేదో అరటిపండు తొక్క అడిగినట్టు.

నాకు తెలీకడుగుతాను, అది ఎవరి సొమ్మండీ? టైలరుకి జాకెట్టు గుడ్డ ఇస్తే మిగిలిన పేలిక కూడా అడిగి తెచ్చుకుంటాం. గొలుసు అతికించమని కంసాలికిస్తే ఎదురుగా కూర్చుని తూకం చూసుకుంటాం. మరి కారు దగ్గరికొచ్చేసరికి ఎందుకు నోరు మెదపం? అది మగవాళ్ళ వ్యవహారమనా? డబ్బు మాత్రం ఇద్దరిదీనూ!

పైగా డైనమో ఆగిపోయిందంటే చచ్చిపోయిందని కాదు. అందులో ముఖ్యంగా అరిగేవి కార్బన్ బ్రష్షులూ, బుష్షులూ. అవి మార్చి, రాగి కమ్యుటేటర్‌ని లేత్ మీద కాస్త నున్న చేయిస్తే మళ్ళీ తిరుగుతుంది. లోపలి తీగచుట్ట కాలిపోయినా మళ్ళీ చుట్టించుకోవచ్చు. బోరు మోటార్లు కాలని ఊరుందా మనకి? ఆ చుట్టేవాళ్ళకి కొదవా? కార్బురేటర్ సంగతీ అంతే. శుభ్రంగా కడిగి, వాషర్లూ, ముల్లూ మార్చితే సగం రోగాలు పోతాయి. కానీ బాగుచేయడానికి ఓపిక కావాలి, మార్చడానికి స్పానరుంటే చాలు. మన ఇత్తడి గిన్నెలకి కళాయి పోయినప్పుడల్లా అవతల పారేసి ఉంటే, అత్తగార్ల నాటి గిన్నె ఒక్కటైనా మిగిలేదా?

"అంబాసిడర్ సామానుకేం, ఎక్కడైనా దొరుకుతుంది" అనేది ఒకప్పటి మాట. ఇంగ్లండువాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చులో 1958లో మొదలైన ఈ కారు తయారీ, కలకత్తా దగ్గర ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 2014లో ఆగిపోయింది. ఫియట్‌గా వచ్చి పద్మినిగా పేరు మార్చుకున్న ఆ రెండో కారు అంతకు చాలా ముందే వెళ్ళిపోయింది. ఇప్పుడు దుకాణంలో దొరికేవాటిలో చాలా మటుకు పోలిక మాత్రమే ఉన్న సామాను. మా కారు తలుపు పిడికి బదులు తెచ్చిన కొత్త పిడి చూడ్డానికి కవల పిల్లే. బిగించబోతే స్క్రూ బెజ్జాలు కలవలేదు. గొల్లభామ బొమ్మ అచ్చొత్తిన గుడ్డ తెచ్చి సిద్దిపేట గొల్లభామ చీరంటే మనం ఊరుకుంటామా? నేతలో పుట్టిన బొమ్మ కావాలంటాం. కారుకి మాత్రం అచ్చొత్తింది చాలునా?

ఈ మాట నేనొక్కదాన్నే అంటున్నానా? కేంద్ర ప్రభుత్వం 2021లో వింటేజ్ వాహనాలకి వేరే నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉండి, ఛాసీ, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులేవీ జరగని బండికే ఆ గుర్తింపు. రిజిస్ట్రేషనుకి 20,000 రూపాయలు. రోజువారీ తిరుగుడుకి పనికిరాదు, అది వేరే సంగతి. మా బండికి యాభై నిండాయి. ఇంజన్ మార్చమన్న పెద్దమనిషి మాట విని ఉంటే ఆ తలుపు మాకు మూసుకుపోయేదే కదా!

చౌమహల్లా ప్యాలెస్‌లో ఆరో నిజాం ఆర్డరిచ్చిన రోల్స్ రాయిస్ ఉంది. 1911లో ఆయన పోయాక గానీ అది హైదరాబాదు చేరలేదు. టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళి, "అబ్బ, అప్పటి సామాను అప్పటిదే!" అని నోరు తెరుచుకుని చూసొస్తాం. నిజాం గారిదైతే అపురూపం, మామగారిదైతే తుక్కూనా?

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. బ్రేకు గొట్టాలు, టైర్లు, వైర్లు, రబ్బరుతో చేసినవేవైనా సరే, అసలువని పట్టుకు వేళ్ళాడేవాళ్ళని నేను సమర్థించను. రబ్బరుకి వయసొస్తే పగులుతుంది. పిల్లల్ని ఎక్కించుకునే బండిలో దానికి మొహమాటమేమిటి? అవి కొత్తవే వేయించండి. నేనడిగేది ఇనుమూ, ఇత్తడీ, క్రోమియం పూత వేసిన బంపర్లూ. పూత పోతే మళ్ళీ వేయిస్తారు గానీ, ఆ మందం రేకు మళ్ళీ రాదు.

అందుకని ఇప్పుడు బండి షెడ్డుకి వెళ్ళే ముందే చీటీ మీద రాయిస్తున్నాను: తీసిన ప్రతి భాగమూ తిరిగివ్వాలి, లేకపోతే మజూరీ చెల్లించబడదు. మేస్త్రీ మా వారికేసి జాలిగా చూశాడట. చూడనీండి. వచ్చిన సామాను కిరోసిన్‌తో తుడిచి, నూనె రాసి, పాత లుంగీ గుడ్డలో చుట్టి, తీసిన తేదీతో కాగితం కడుతున్నాను. మెట్లకింద అర సగం నిండింది. "ఇంట్లో చెత్త పోగేస్తావెందుకు?" అన్నారు మా వారు, 1988 నుంచీ కరెంటు బిల్లులు దాచుకున్న మనిషి.